కరెంటు తీసేస్తే పేపరెలా వస్తుంది?

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలోని బహదూర్ షా జఫర్ మార్గ్‌లో కరెంటు పోయింది. పత్రికాఫీసులు వరసగా ఉండే వీధి అది. ఎమర్జెన్సీ కబురు తెల్లారేసరికి జనం చేతుల్లో పడకూడదంటే సంపాదకులతో వాదులాట దేనికి, ఫీజు పీకితే సరిపోతుందనుకున్నారు ఏలినవారు. ప్రెస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. హిందుస్థాన్ టైమ్స్, స్టేట్స్‌మన్ మాత్రం మర్నాడు పొద్దున్నే వచ్చేశాయి. వాటి ఆఫీసులు కన్నాట్ ప్లేస్ వైపు ఉన్నాయి. అక్కడ కరెంటిచ్చేది ఢిల్లీ కార్పొరేషన్ కాదు, న్యూఢిల్లీ మునిసిపాలిటీ. ఆ లైను నిక్షేపంగా పనిచేస్తూనే ఉంది!

పత్రికల మీద సర్కారు పెత్తనం అనగానే కత్తెర పట్టుకు కూర్చున్న సెన్సారు అధికారి గుర్తొస్తాడు గానీ, చరిత్ర తిరగేస్తే ఆయనగారి వంతు తక్కువే. ఎక్కువ చాకిరీ చేసినవి కరెంటు, కాగితం, తపాలా, కేబుల్ తీగ, లైసెన్సు. ఈ విశేషాల్లో చాలామటుకు ఆ బాపతువే.

ఖాళీ కూడా నేరమే

ఎమర్జెన్సీ వచ్చిన మూడో రోజున ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం ఉండాల్సిన చోట తెల్లకాగితం వదిలేసింది. అక్షరం లేకపోయినా అందరికీ అర్థమైంది. సెన్సారు వారికీ అర్థమైంది. అందుకే సంపాదకీయం చోటు ఖాళీగా వదలరాదనీ, దాన్ని గాంధీ, టాగూర్ లాంటివారి సూక్తులతో నింపరాదనీ ఆదేశాలొచ్చాయి. స్వతంత్ర భారతంలో గాంధీగారి మాట అచ్చేయడానికి సెన్సారు అడ్డు తగిలిందన్నమాట.

ఆ రోజుల్లోనే బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియా వర్గీకృత ప్రకటనల్లో ఒక మరణవార్త పడింది. చనిపోయినాయన ఇంటిపేరూ పొడి అక్షరాలూ కలిపి చదివితే డెమోక్రసీ. భార్య పేరు ట్రూత్‌లా, కొడుకు పేరు లిబర్టీలా పలుకుతాయి. డబ్బు కట్టి వేయించుకునే చావు ప్రకటనను సెన్సారు చేయాలని ఎవరికి తోస్తుంది?

ఇలాంటి తెలివితేటలు మన సొత్తే అనుకోవద్దు. 1970లలో బ్రెజిల్‌ను సైన్యం ఏలుతున్నప్పుడు సావో పాలో నగరపు పెద్ద దినపత్రిక ఓ ఎస్తాదో, సెన్సారు కోసేసిన వార్తల జాగాలో పోర్చుగీసు మహాకవి కమోయిష్ కావ్యం లూసియాడ్స్‌లోని పద్యాలు వేసేది. దాని సోదర పత్రిక జోర్నల్ ద తార్ద్ అయితే వంటల విధానాలు వేసేది. రాజకీయ వార్తల పేజీలో కేకు తయారీ కనబడితే, అక్కడేదో కోసేశారని పాఠకులు పోల్చుకోవాలి. ఆ వంటకాల్లో కొన్ని నిజంగా చేయబోతే కుదిరేవి కావట. పాపం, నమ్మి పిండి కలిపిన ఇల్లాళ్ల సంగతి ఏమైందో.

మన సెన్సారు కన్నుగప్పిన వాటిలో అన్నిటికన్నా పేరు మోసింది అబూ అబ్రహాం కార్టూన్. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానపు తొట్టిలో ఉండగానే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, తలుపు సందులోంచి కాగితం బయటికి అందిస్తుంటారు. ఇంకా ఏమైనా ఉంటే కాస్త ఆగమనండి అన్న ధోరణి మాట ఒకటి పైన. 1975 డిసెంబరు 10న ఇది ఎక్స్‌ప్రెస్‌లో అచ్చయింది. అధికారికి నవ్వొచ్చి వదిలేశాడో, అర్థంకాక వదిలేశాడో!

భర్త తెచ్చిన చట్టం

పార్లమెంటులో ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు రాస్తే పరువునష్టం దావా పడకుండా కాపాడే చట్టం 1956లో వచ్చింది. తెచ్చింది ప్రభుత్వం కాదు, ప్రైవేటు సభ్యుడి బిల్లుగా పెట్టి నెగ్గించుకున్నది ఫిరోజ్ గాంధీ. ఆయన 1960లో కన్నుమూశారు. 1976లో ఆ చట్టాన్ని రద్దు చేసింది ఆయన భార్య ఇందిరాగాంధీ ప్రభుత్వమే. జనతా ప్రభుత్వం 1977లో మళ్లీ తెచ్చింది, మరుసటి ఏడాది 44వ సవరణతో ఆ రక్షణను ఏకంగా రాజ్యాంగంలోకే ఎక్కించింది. నిజం చెప్పాలంటే, ఇవాళ శాసనసభ గొడవను ధైర్యంగా రిపోర్టు చేసే ప్రతి విలేఖరీ ఫిరోజ్ గాంధీకి కొంత బాకీ.

ఒకే మనిషి, రెండుసార్లు

మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అన్న మాట విడిగా ఎక్కడా లేదు. 19వ అధికరణంలోని భావప్రకటనా స్వేచ్ఛలోనే అదీ ఉందని కోర్టులు చెప్పాయి. మొదట్లోనే అలా చెప్పించిన కేసుల్లో ఒకటి రమేశ్ థాపర్‌ది. ఆయన బొంబాయి నుంచి నడిపిన క్రాస్‌రోడ్స్ వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకూడదని 1950లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే, కాబట్టి నిషేధం బెజవాడకూ కర్నూలుకూ వర్తించేది. 1950 మే 26న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాజ్యాంగం అమల్లోకొచ్చి సరిగ్గా నాలుగు నెలలు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మొదటి సవరణ తెచ్చి, వాక్కు మీద ఆంక్షలు పెట్టే కారణాల జాబితాను పొడిగించింది.

కథ అక్కడితో అయిపోలేదు. అదే థాపర్ తర్వాత సెమినార్ అనే మాసపత్రిక పెట్టారు. 1976లో సెన్సారు వాళ్లు ముందుగా తమకు చూపించి అచ్చేసుకోమన్నారు. చూపించనన్నారు థాపర్, పత్రికే ఆపేశారు. ఎన్నికలయ్యాక 1977లో మళ్లీ మొదలుపెట్టారు. నెహ్రూ కాలంలో కోర్టుకెక్కి గెలిచిన మనిషికి ఆయన కూతురి కాలంలో తాళం వేసుకోవడం తప్ప దారి లేకపోయింది.

పది పేజీలు, పైసల లెక్క

ఇక కాగితం. 1960లో కేంద్రం ఒక ఉత్తర్వు తెచ్చింది. పత్రిక ఇంత ధరకు ఇన్ని పేజీలే ఇవ్వాలి, పేజీలు పెంచితే ధర పెంచాలి. పెద్ద పత్రికల ధాటికి చిన్నవి నలిగిపోకుండా చూడటానికని చెప్పారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పుణె నుంచి వచ్చే మరాఠీ పత్రిక సకాళ్ కోర్టుకెళ్లింది. పేజీలు తగ్గిస్తే చెప్పే సంగతులు తగ్గుతాయి, ధర పెంచితే చదివేవాళ్లు తగ్గుతారు, ఎటు తిప్పినా దెబ్బ తినేది స్వేచ్ఛేనని 1961లో సుప్రీంకోర్టు తేల్చింది. మంచి కారణం చెప్పి పెట్టిన ఆంక్షను పట్టుకోవడమే కష్టం. ఆ కష్టాన్ని ఈ తీర్పు బాగా దాటిందని నాకనిపిస్తుంది.

పదేళ్లు తిరిగాక అదే గొడవ ఇంకో వేషంలో వచ్చింది. విదేశాల నుంచి వచ్చే న్యూస్‌ప్రింటుకు కొరత, కాబట్టి పది పేజీలు మించవద్దు అన్నారు. కోటాలో వచ్చిన కాగితాన్ని ఎలా వాడుకోవాలో పత్రికదే ఇష్టమని కోర్టు 1972లో దాన్నీ కొట్టేసింది. మెక్సికోలోనైతే ఈ తంటా లేదు. అక్కడ 1935 నుంచి దశాబ్దాల పాటు న్యూస్‌ప్రింటు అమ్మకం ప్రభుత్వ సంస్థ పీప్సా చేతిలోనే ఉండేది, అరువు కూడా ఇచ్చేది. అరువిచ్చినవాడి మీద ఏం రాస్తారు?

హిక్కీ నుంచి హరిసర్వోత్తముల దాకా

మన దేశంలో మొదటి వార్తాపత్రిక 1780 జనవరిలో కలకత్తాలో జేమ్స్ ఆగస్టస్ హిక్కీ పెట్టిన బెంగాల్ గెజిట్. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌ను ఏకిపారేసేది. ఏడాది గడవకముందే కంపెనీ ప్రభుత్వం చేసిన పని, తపాలాలో ఆ పత్రికను మోయొద్దనడం. తర్వాత హిక్కీని జైల్లో పెట్టారు. ఆయన జైల్లోంచీ నడిపించాడు. చివరికి 1782లో అచ్చు సామగ్రినే జప్తు చేశారు.

1878లో లిట్టన్ దొర దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. ఇంగ్లిషు పత్రికలకు అది వర్తించదు. అంతవరకు బెంగాలీలోనూ వచ్చిన అమృతబజార్ పత్రిక రాత్రికి రాత్రి పూర్తి ఇంగ్లిషు పత్రికైపోయింది. చట్టం వల్ల ఒక భాష పత్రికను కోల్పోయిందన్నది అంతగా తలచుకోం.

పాత పేపరొకటి తీసి చివరి పేజీ అడుగున చూడండి. ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకులు, ప్రెస్సు చిరునామా, అన్నీ చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటాయి. 1867 నాటి చట్టం పెట్టిన షరతు అది. నేరం మోపాల్సి వస్తే ఎవరి ఇంటి తలుపు తట్టాలో తెలియాలి కదా! ఆ చట్టం 156 ఏళ్లు బతికింది. 2023లో దాని చోట కొత్తది చేశారు, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఆ పాత చట్టం వల్ల ఒక ఎదురు లాభం కూడా ఉంది. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతినీ సర్కారుకు అప్పగించాలన్న షరతు వల్ల మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి పుస్తకాల జాబితాలు వేసేది. పందొమ్మిదో శతాబ్దపు తెలుగు పుస్తకాల ఆచూకీ వెతికే పరిశోధకులకు ఇవాళ ఆ జాబితాలే దిక్కు.

ఆ చిన్న అక్షరాల బరువు ఎంతో బెజవాడకు 1908లో తెలిసొచ్చింది. స్వరాజ్య పత్రికలో వచ్చిన రాతకు రాజద్రోహం కేసు పెట్టి గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైలుకు పంపారు. ఆంధ్రలో తొలి రాజకీయ ఖైదీగా ఆయన్నే చెప్పుకుంటారు.

ఇమ్రోజ్

హైదరాబాదులో షోయబుల్లాఖాన్ పనిచేసిన తేజ్ పత్రిక మూతపడితే రయ్యత్‌లో చేరారు. రయ్యత్‌ను నిజాం ప్రభుత్వం మూయిస్తే సొంతంగా ఇమ్రోజ్ పెట్టారు. సంస్థానం భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాసిన ముస్లిం సంపాదకుడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా రజాకార్లు కాల్చారు, రాసిన చేతిని నరికారు. సంస్థానం కలవడానికి నెల రోజులు కూడా లేదప్పటికి.

పెద్దల గలభా

1983 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన రభసకు ఈనాడు పెట్టిన శీర్షిక ఇది. మండలికి కోపం వచ్చింది, సభాహక్కుల ఉల్లంఘన అంది. సంపాదకుడు రామోజీరావును సభకు రప్పించి మందలించాలని 1984లో తీర్మానించింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. సభ గొప్పా, కోర్టు గొప్పా అన్న పెద్ద చర్చ తేలకముందే 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండలినే రద్దు చేసింది. శీర్షిక నిలిచింది, సభ పోయింది. సభ 2007లో మళ్లీ వచ్చిందనుకోండి.

రిమోట్ నొక్కితే రాదు

2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కేబుల్‌లో మాయమయ్యాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏబీఎన్, టీవీ5. 2024 జూన్‌లో అక్కడే సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ. మూడుసార్లూ మూడు వేర్వేరు పార్టీల హయాములు. అడిగితే ఆపింది కేబుల్ ఆపరేటర్లు, మాకేం సంబంధమన్న జవాబే వినబడింది. చానెళ్లను చూసి పార్టీ చెప్పేయగల మన ప్రేక్షకుడికి, ఏ చానెల్ రావట్లేదో చూసి ముఖ్యమంత్రి ఎవరో చెప్పడమూ అలవాటైపోయింది.

ప్రకటనల సంగతి సరేసరి. సర్కారు యాడ్లలో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి బొమ్మలు తప్ప ఇంకెవరివీ వద్దని 2015 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రాలు గగ్గోలు పెట్టాయి. 2016 మార్చికల్లా ముఖ్యమంత్రుల, మంత్రుల చిరునవ్వులు మొదటి పేజీలకు తిరిగొచ్చేశాయి.

2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఫోన్లు, నెట్ అన్నీ ఆగిపోయాక శ్రీనగర్ విలేఖరుల కోసం ప్రభుత్వం ఒక హోటల్లో సదుపాయ కేంద్రం పెట్టింది. కొద్దిపాటి కంప్యూటర్లు, బోలెడుమంది విలేఖరులు. రాసింది పెన్‌డ్రైవ్‌లో పట్టుకుని వరసలో నిలబడి, తమ వంతు వచ్చినప్పుడు సర్కారు కంప్యూటర్లోంచే సర్కారు మీద వార్త పంపుకోవాలి.

సెన్సారుకు స్వస్తి చెప్పినవాళ్లూ లేకపోలేదు. మొట్టమొదట సెన్సారు తీసేసిన చట్టం స్వీడన్‌ది, 1766లో. నాలుగేళ్లకు డెన్మార్క్‌లో మంత్రి స్ట్రూయెన్సే కూడా సెన్సారు పూర్తిగా ఎత్తేశాడు. అలా వచ్చిన స్వేచ్ఛతో జనం మొదట తిట్టిపోసింది ఆయన్నే. ఏడాదికే ఆయన కొంత వెనక్కి తగ్గాడు.

పత్రికా స్వేచ్ఛ పట్టికలో 180 దేశాల్లో మన స్థానం 2023లో 161, 2024లో 159, 2025లో 151. లెక్క కట్టే పద్ధతి మీద ఢిల్లీకి అభ్యంతరాలున్నాయి.

గాలి ఎవరిది?

1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాన్ని బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. దూరదర్శన్‌కు ఒళ్లు మండింది. మా అనుమతి లేకుండా ఎలా చూపిస్తారంది సర్కారు. దానికి ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం! 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ సొత్తు కాదంది. తీర్పు రాసినవారిలో మన బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. అలాగని అవి ప్రైవేటు సంస్థల సొత్తు కూడా కాకూడదని ఆ తీర్పు హెచ్చరించింది. ఆ సగాన్ని అందరూ హాయిగా మరిచిపోయారు.

తరంగాలు నిజంగా ప్రజల చేతికి చిక్కిన చోటు ఒకటి మన దగ్గరే ఉంది. జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియో మోగుతోంది. నడిపేది దళిత మహిళలు, మొదటి నుంచీ ముందున్నవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. చిరుధాన్యాల సాగు, విత్తనాల ముచ్చట, పాటలు, ఆ ఊళ్ల యాసలోనే. వార్తలు మాత్రం సొంతంగా చదవకూడదు.

ఆ మాటకొస్తే పట్నంలోని ప్రైవేటు ఎఫ్ఎంలకూ అదే కట్టడి. ఆకాశవాణి వార్తల్ని మార్చకుండా వినిపించుకోవచ్చు గానీ సొంత వార్తలు నిషిద్ధం. టీవీ చానెల్ ఇరవైనాలుగు గంటలూ అరవొచ్చు, ఎఫ్ఎం మాత్రం కిక్కురుమనకూడదు. అయితే వార్త కాదని కేంద్రం తన నిబంధనల్లో రాసి మినహాయించినవి కొన్నున్నాయి. ట్రాఫిక్కు, వాతావరణం, ఆటలు, పరీక్షా ఫలితాలు. ఇంటర్ ఫలితాలు వార్త కాదట! ఆ నిబంధన రాసినాయన ఏప్రిల్ నెలలో మన తెలుగిళ్లలో ఏ ఒక్కదానికీ వచ్చినట్టు లేడు.