మీకు తెలుసా? ఆగ్రాలో ఒక రోజు: మూడు సమాధులు, ఒక కోట

ఆగ్రా ప్రయాణానికి శుక్రవారం పనికిరాదు. ఆ రోజు తాజ్‌మహల్ ఆవరణలోని మసీదులో నమాజు జరుగుతుంది, పర్యాటకులను లోపలికి రానివ్వరు. ఢిల్లీ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా చేర్చే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా శుక్రవారం నడవదు. ఈ రైలు 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకు నాలుగేళ్ల ముందే యమునా ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. తెల్లారుజామున ఢిల్లీలో బయల్దేరి, రాత్రి భోజనానికి మళ్లీ ఢిల్లీ చేరడం అప్పటి నుంచి మరింత తేలికైంది.

ఇలా వెళ్లేవాళ్లలో చాలామంది ప్రైవేటు టూర్ మాట్లాడుకుంటారు. మన కుటుంబానికే ఒక కారు, ఒక డ్రైవరు, ఆగ్రాలో వచ్చి కలిసే ఒక గైడు. ఇందులో అసలు సుఖం ఏసీ కారు కాదు. ముందు ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ ఎంతసేపు నిలబడాలి అన్నది మన చేతిలో ఉంటుంది. టూర్ల వాళ్లు మాత్రం సూర్యోదయానికే తాజ్ ముందు నిలబెడతారు. ఎండ ఉండదు, జనం తక్కువ, వెలుతురు బాగుంటుంది. కాదనలేం. కానీ తాజ్ చూసిన కళ్లకు ఆ తర్వాత ఏదీ ఆనదు, మిగిలినవన్నీ ఆవలిస్తూ తిరగడమే. చలికాలంలో వెళ్తే క్రమం తిరగేయమని గైడును అడగండి. ముందు కట్టినవి ముందు, తాజ్ ఆఖరున. ఎందుకో చూడండి.

తాజ్ మీనార్లకు రిహార్సల్ ఎక్కడ జరిగిందో తెలుసా?

మథుర రోడ్డులో, ఊరి శివారున ఉన్న సికంద్రాలో. అక్కడున్నది అక్బర్ సమాధి. ఆయన 1605లో పోయాడు, కట్టడం కొడుకు జహంగీర్ హయాంలో 1613కు పూర్తయింది. దాని దక్షిణ ద్వారం మీద నాలుగు మూలలా నాలుగు తెల్ల పాలరాతి మీనార్లు ఉంటాయి. ఎర్ర ద్వారం మీద ఆ తెల్లటి స్తంభాలను చూస్తే, ఇరవై ఏళ్ల తర్వాత మనవడు ఏం కట్టబోతున్నాడో అప్పుడే తెలిసిపోతుంది.

జహంగీర్ 1608లో పని చూడటానికి వచ్చి, కట్టింది నచ్చక కొంత భాగం పడగొట్టించి మళ్లీ కట్టించాడు. ఈ సంగతి తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. ఇంత చేసినా పై అంతస్తుకు గుమ్మటం లేదు, అది ఆకాశానికి తెరిచే ఉంటుంది.

ఆ ద్వారం మీది పారసీ అక్షరాలు రాసినవాడు షిరాజ్ నుంచి వచ్చిన అబ్దుల్ హక్. తర్వాతి రోజుల్లో షాజహాన్ ఆయనకు అమానత్ ఖాన్ అని బిరుదిచ్చి, తాజ్ రాతపని అప్పగించాడు. తాజ్‌లో తన పేరు చెక్కుకున్నవాడు ఆయన ఒక్కడే. కట్టడానికి ప్రధాన శిల్పిగా చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీ పేరు కూడా ఆ గోడల మీద కనిపించదు. తాజ్ తలుపుల చుట్టూ పైకి పోయేకొద్దీ అక్షరాల సైజు పెంచుకుంటూ పోయారు, కింద నిలబడి చూసేవాడికి అన్నీ సమానంగా కనిపించాలని. ఈ మాట గైడు తప్పకుండా చెబుతాడు, నిజమే. సికంద్రాలో ఆ చేతిరాత చూసి వచ్చారా అని మాత్రం అడగడు.

భర్త గోరీ పక్కకు, భార్య గోరీ మధ్యకు

రోజు మొత్తంలో నన్ను అడిగితే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది యమునకు ఆవలి గట్టున ఉన్న ఇతిమాద్ ఉద్ దౌలా సమాధికి. స్థానికులు ‘బేబీ తాజ్’ అంటారు. తాజ్‌కు బిడ్డేమీ కాదు, వయసులో పెద్దది. నూర్జహాన్ తన తండ్రి మీర్జా గియాస్ బేగ్ కోసం 1622–28 మధ్య కట్టించింది. మొత్తం తెల్ల పాలరాయి పొదిగి, అందులో రంగురాళ్లు చెక్కి కూర్చిన మొదటి పెద్ద మొఘల్ సమాధి ఇదే. ఆగ్రా పనివాళ్లు పచ్చీకారీ అనే ఈ పని తాజ్‌లో కన్నా ఇక్కడే గోడ గోడంతా పరుచుకుని ఉంటుంది. సురాహీలు, గిన్నెలు, సరుగు చెట్లలాంటి సైప్రస్‌లు, పళ్లెంలో పళ్లు. నగల పెట్టె లోపల నిలబడ్డట్టు ఉంటుంది. జనం తక్కువ కాబట్టి గోడకు దగ్గరగా వెళ్లి తీరిగ్గా చూడొచ్చు.

లోపలికి వెళ్లాక నేల చూడండి. గదికి సరిగ్గా నట్టనడుమ ఉన్నది గియాస్ బేగ్ గోరీ కాదు, ఆయన భార్య అస్మత్ బేగం గోరీ. ఆమె 1621లో ముందు పోయింది. కొద్ది నెలలకే పోయిన భర్తను పక్కన పెట్టారు. వీళ్లిద్దరూ ముంతాజ్ మహల్‌కు తాతా నాయనమ్మలు, నూర్జహాన్ ఆమెకు మేనత్త.

ఇప్పుడు ఇదే బొమ్మను మనసులో పెట్టుకుని తాజ్‌లోకి వెళ్లండి. అక్కడా నట్టనడుమ ముంతాజ్, ఒక పక్కకు షాజహాన్. అంత కొలత ప్రకారం కట్టిన తాజ్‌లో లెక్క తప్పినది ఈ ఒక్కటే అనీ, షాజహాన్ తనకోసం నదికి ఆవల నల్ల తాజ్ కట్టుకోవాలనుకున్నాడు కాబట్టే ఇలా ఇరికించారనీ గైడు అందుకుంటాడు. పొద్దున బేబీ తాజ్ చూసి వచ్చినవాళ్లు ఈ కథ దగ్గర ఆగి అడగొచ్చు: భార్య మధ్యలో, భర్త పక్కన అన్నది ఆ ఇంటి పెద్దల సమాధిలోనూ ఉంది కదా!

నల్ల తాజ్ కథ చెప్పినవాడు మన కృష్ణ ఒడ్డుకూ వచ్చాడని తెలుసా?

ఆయన పేరు జాన్ బాప్టిస్ట్ తవెర్నియే, ఫ్రాన్స్ దేశపు వజ్రాల వ్యాపారి. గోల్కొండ రాజ్యంలో కృష్ణా తీరాన ఉన్న కొల్లూరు గనులకు 1640లలో వెళ్లి, అక్కడ వజ్రాలు ఎలా తవ్వి తీసేవారో, బేరాలు ఎలా జరిగేవో రాసి పెట్టాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. వజ్రాల గురించి ఆయన రాసినది విలువైనదే. తాజ్ విషయంలోనే కాస్త జాగ్రత్తగా చదవాలి. ఇరవై వేల మంది ఇరవై రెండేళ్లు పనిచేశారన్న లెక్క ఆయనదే. పని మొదలైనప్పుడూ పూర్తయినప్పుడూ తను చూశానని కూడా రాశాడు. పని మొదలైంది 1632లో, ఆయన ఆగ్రాలో మొదటిసారి అడుగుపెట్టింది 1640 ప్రాంతంలో. ఇక మీరే చూసుకోండి.

నది ఆవల షాజహాన్ ఇంకో సమాధి మొదలుపెట్టాడన్న మాట కూడా ఆయన పుస్తకంలోదే. 1990లలో ఆ చోట తవ్వి చూస్తే పునాదులు దొరకలేదు. ఎనిమిది పలకల పెద్ద కొలను, తోట బయటపడ్డాయి. అది మహతాబ్ బాగ్. అక్కడ నల్లగా కనిపించిన రాళ్లు కూడా కాలానికి రంగు మారిన తెల్లరాళ్లే. ఢిల్లీలోని హుమాయూన్ సమాధిలో కట్టడం తోట మధ్యలో ఉంటే, తాజ్ మాత్రం తోట చివర, నది అంచున ఎందుకుందన్న ప్రశ్నకు కొంత జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఆవలి తోటను కలిపి చూస్తే తాజ్ నడిమధ్యనే ఉంది.

కట్టిన కొన్నాళ్లకే తాజ్ కురిసింది

ఔరంగజేబు 1652లో దక్కన్ సుబేదారుగా వెళ్తూ దారిలో ఆగ్రాలో ఆగాడు. తల్లి సమాధి చూసి డిసెంబరులో తండ్రికి ఉత్తరం రాశాడు: వానలకు గుమ్మటం ఉత్తరం వైపు కారుతోంది, మరమ్మతు చేయించాలి, మహతాబ్ బాగ్ వరద నీటిలో మునిగింది. తండ్రిని ఆరేళ్ల తర్వాత కోటలో బంధించబోయే కొడుకు రాసిన ఉత్తరం ఇది. ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాక మొదటి వానకే స్లాబు చూసి గుండె జారినవాళ్లకు ఇది కొంచెం ఊరట.

చేతులు నరికించాడన్న కథ

ఇది ప్రతి గైడూ చెబుతాడు. అలాంటిది మళ్లీ ఎవరూ కట్టకూడదని షాజహాన్ పనివాళ్ల చేతులు నరికించాడట. ఆధారం లేదు. తాజ్ పని నడుస్తుండగానే 1639లో ఢిల్లీ ఎర్రకోట మొదలైంది, ఉస్తాద్ అహ్మద్ అక్కడా పనిచేశాడు. పనివాళ్ల చేతులతో చక్రవర్తికి చాలా అవసరం ఉంది!

తాజ్‌ను పడగొట్టి పాలరాయి వేలం వేయాలని గవర్నర్ జనరల్ బెంటింక్ చూశాడన్నది ఇంకో కథ. దాని వెనక ఒక నిజం ఉంది. ఆయన కాలంలో అమ్మింది ఆగ్రా కోటలోని స్నానశాల పాలరాయి. పుకారు కోట నుంచి తాజ్ దాకా నడిచింది.

కోటలో ఉన్న అబద్ధపు తలుపులు

అక్బర్ 1565లో మొదలుపెట్టించిన ఆగ్రా కోటలో మనం చూసేది కొంత భాగమే. ఎక్కువ భాగం ఇప్పటికీ సైన్యం చేతిలో ఉంది, ఢిల్లీ గేటు వాళ్లదే. పర్యాటకులు అమర్ సింగ్ గేటు నుంచి వెళ్తారు. షాజహాన్ 1658 నుంచి 1666లో పోయేదాకా కూతురు జహనారాతో కలిసి ఇక్కడే బందీగా ఉన్నాడు. ముసమ్మన్ బుర్జు నుంచి తాజ్ కనిపిస్తుంది. ఫోటోల కోసం అందరూ అక్కడే తోసుకుంటారు.

ఆ తోపులాటలో చాలామంది చూడకుండా వచ్చేసేవి కొన్ని ఉన్నాయి. జహంగీరీ మహల్ ముందు ఒకే రాతిని తొలిచిన పెద్ద తొట్టి ఉంది, 1611 నాటిది, నిలువెత్తుకు కాస్త తక్కువ. దీవానే ఆమ్ ఎదుట ఒక తెల్లదొర సమాధి ఉంటుంది. 1857 తిరుగుబాటు రోజుల్లో ఈ కోటలో తలదాచుకుని, ఇక్కడే పోయిన లెఫ్టినెంట్ గవర్నర్ కాల్విన్‌ది. మొఘల్ దర్బారు ముందు ఈయనేమిటని పిల్లలు అడిగితే గైడుకు మంచి పరీక్ష.

అన్నిటికన్నా నాకు నచ్చేవి గజనీ తలుపులు. 1842లో గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో దొర అఫ్ఘనిస్తాన్ నుంచి ఈ కర్ర తలుపులు తెప్పించి, మహమూద్ ఎత్తుకెళ్లిన సోమనాథ ద్వారాలు తిరిగి తెచ్చానని దేశమంతా చాటించాడు. చెక్క చూస్తే దేవదారు, పనితనం గజనీలోదే. సోమనాథ్‌కు వాటితో సంబంధం లేదు. ఊరేగింపుగా బయల్దేరినవి ఆగ్రా దాకా వచ్చి, కోటలో ఒక గదిలో ఆగిపోయాయి.

తాజ్ దగ్గర చూపు ఎక్కడ పెట్టాలి?

పెద్ద ద్వారం మీద ముందు పదకొండు, వెనక పదకొండు చిన్న గుమ్మటాలు ఉంటాయి. కలిపితే ఇరవై రెండు, తాజ్ కట్టడానికి పట్టిన ఏళ్లంటాడు గైడు. ఆ లెక్క ఎక్కడిదో పైన చూశాం. మీనార్లు కొద్దిగా బయటికి వాలి ఉంటాయన్నది మాత్రం నిజం. ముంతాజ్ 1631లో పద్నాలుగో కాన్పులో పోయింది ఆగ్రాలో కాదు, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్‌లో. కొన్ని నెలలు అక్కడ తపతి ఒడ్డు తోటలో ఉంచి, తర్వాత ఇక్కడికి తెచ్చారు. పైన కనిపించే గోరీలు నమూనాలు, అసలువి కింది గదిలో ఉన్నాయి. ఆ గది ఏటా షాజహాన్ ఉర్సు రోజుల్లోనే తెరుస్తారు.

తూర్పు పక్కనున్న మెహమాన్ ఖానా ముందుకు వెళ్లి నేల చూడండి. గుమ్మటం మీది కలశం ఆకారం నల్లరాతితో అసలు పొడవులో నేలమీద పొదిగి ఉంటుంది, దాదాపు ముప్పై అడుగులు. పైన చిటికెన వేలంత కనిపించేది నిజానికి ఎంతదో అక్కడ అడుగులేసి కొలవొచ్చు. గైడు తొందరపడినా ఇది చూడకుండా రావద్దు.

టికెట్టు మూడు గంటలకే చెల్లుతుంది. సమాధి లోపలికి వెళ్లాలంటే 2018 చివరి నుంచి వేరే 200 రూపాయల టికెట్టు ఉంది. ఆ టికెట్టు ముందే తీసుకున్నారో లేదో టూర్ వాళ్లను అడిగి తెలుసుకోండి. కార్లు గేటు దాకా రావు, అర కిలోమీటరు ముందే ఆపి బ్యాటరీ బండి ఎక్కాలి. పౌర్ణమి నాడు, దానికి ముందు రెండు, వెనక రెండు రాత్రులు కూడా చూపిస్తారు. శుక్రవారాలూ, రంజాన్ నెలా ఉండదు. యాభై మంది చొప్పున ఎనిమిది జట్లు, అర గంట చొప్పున, అదీ దూరం నుంచే. ఒక్కరోజు యాత్రకు ఇది కుదరదు.

ఫతేపూర్ సిక్రీని కూడా ఈ రోజులోనే కలపమంటే కలుపుతారు. వద్దు. నలభై కిలోమీటర్ల దూరం, 54 మీటర్ల బులంద్ దర్వాజా, సలీం చిస్తీ దర్గా, దీవానే ఖాస్‌లో ముప్పై ఆరు కొమ్మల స్తంభం. అది ఇంకో రోజు పని.

ఇక షాపింగు

తాజ్ కట్టినవాళ్ల వారసులమంటూ ఒక పాలరాయి దుకాణం ముందు కారు ఆగడం దాదాపు ఖాయం. అమ్మకంలో గైడుకూ డ్రైవరుకూ వాటా ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. వెళ్లకూడదని కాదు. రాతిని సాన మీద అరగదీసి, గాడి తొలిచి, రంగుముక్క కూర్చే పని కళ్లతో చూడటం బాగుంటుంది. చూడండి, కొనాలో వద్దో మీ ఇష్టం. షాపింగు వద్దనుకుంటే బయల్దేరేటప్పుడే ఆ మాట చెప్పేయండి.

పేఠా మాత్రం కొనండి. అది మనం వడియాలు పెట్టే బూడిద గుమ్మడికాయే. సున్నపు నీళ్లలో నానబెట్టి గట్టిపడ్డాక చక్కెర పాకంలో ఉడికిస్తారు. తాజ్ పసుపుబారుతోందన్న కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చుట్టుపక్కల పరిశ్రమలు బొగ్గు మాని గ్యాసుకు మారాల్సి వచ్చింది. పేఠా పొయ్యిలకు కూడా ఆ వేడి తగిలింది. దిష్టి తీయడానికి మనం ఇంటి ముందు వేలాడదీసే కాయ, అక్కడ తాజ్‌కు దిష్టి తగిలిస్తోందని కోర్టు దాకా వెళ్లింది.