మదనపల్లె మిషన్ బంగళాలో ఒక తండ్రి

పలమనేరు నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లెకు ఇప్పుడు బస్సెక్కితే రెండు గంటల లోపే చేరిపోతాం. 1863లో అదే దారిన ఒక అమెరికన్ కుటుంబం మదనపల్లెలో కాపురం పెట్టడానికి వచ్చింది. ఇంటిపెద్ద జేకబ్ చాంబర్లేన్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. భార్య షార్లెట్. 1862లో పుట్టిన కొడుకు విలియంకు అప్పుడప్పుడే అడుగులు పడే వయసు. చాంబర్లేన్ దైవశాస్త్రం చదివారు, వైద్యం కూడా చదివారు. ఊరికి ఆయన డాక్టరు, సంఘానికి అయ్యగారు, ఇంట్లో నాన్న. ఈ మూడు పనులూ ఒకే బంగళాలోంచి నడవాలి.

ఉద్యోగం, ఇల్లు, చర్చి మధ్య నలిగే తండ్రుల గురించి ఈ రోజుల్లో క్రైస్తవ కుటుంబాల్లో తరచూ మాట వస్తుంది. చిత్తూరు సీమలో ఈ చర్చ కొత్తది కాదు. దాని వయసు నూట అరవై ఏళ్లు దాటింది. చాంబర్లేన్ కుటుంబం ఆ బరువును ఎలా మోసిందో, ఎవరి భుజాల మీద మోసిందో చూస్తే ఇప్పటి తండ్రులకు కూడా పనికొచ్చే విషయాలు చాలా కనిపిస్తాయి.

కనెక్టికట్ రాష్ట్రంలో 1835లో పుట్టిన చాంబర్లేన్ ఒహాయోలో పెరిగారు. 1859 సెప్టెంబరులో పెళ్లయింది, ఆ డిసెంబరులోనే భార్యాభర్తలు ఓడెక్కారు. 1860లో మద్రాసులో దిగి, అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్‌లో చేరారు. 1853లో స్కడ్డర్ సోదరులు మొదలుపెట్టిన ఆ మిషన్ పని ఎక్కువగా తమిళ ప్రాంతాల్లో సాగేది. తెలుగు మాట్లాడే మెట్ట సీమ చాంబర్లేన్ వంతుకు వచ్చింది. మొదట పలమనేరు, ఆ తరువాత మదనపల్లె. కాలక్రమంలో పుంగనూరు కూడా మిషన్ కేంద్రాల్లో చేరింది.

ఆయన ఊళ్లు తిరిగే బోధకుడు. మదనపల్లెకు వచ్చిన ఆ ఏడే నలుగురు భారతీయ సహచరులతో, పుస్తకాల బండ్లతో నిజాం రాజ్యం గుండా గోదావరి దాకా, ఆ పైకి కూడా యాత్ర చేశారు. పన్నెండు వందల మైళ్ల దారి, నాలుగైదు నెలల కాలం. ప్రాకారం ఉన్న ఒక పట్టణంలో జనం రాళ్లు పట్టుకుని చుట్టుముడితే, కొట్టే ముందు ఒక్క కథ వినండని అడిగి, ఆ కథ చెప్పి వాళ్ల కోపం చల్లార్చిన సంగతి ఆయనే రాసుకున్నారు. గోదావరి వరదకూ పులుల అడవికీ మధ్య చిక్కుకున్న సాయంత్రం, ఎక్కడో కట్టు తెంపుకున్న పడవ దొరికి అందరూ ప్రాణాలతో బయటపడిన సంగతి కూడా రాశారు. ఈ అనుభవాలతో 1896లో వచ్చిన ‘ఇన్ ది టైగర్ జంగిల్’ అనే పుస్తకం అమెరికాలో ఆయనకు పెద్ద పేరు తెచ్చింది.

పుస్తకం చదివినవాళ్లకు పులులు గుర్తుంటాయి. ఇంట్లో పసిబిడ్డతో అన్ని నెలలు ఎదురుచూసిన షార్లెట్ ఎంతమందికి గుర్తుంటుంది? టెలిఫోను లేదు. భర్త ఏ ఊళ్లో ఉన్నాడో, జ్వరంతో పడిపోయాడో తెలుసుకునే దారి లేదు. ఆ యాత్రలో అంటుకున్న అడవి జ్వరం చాంబర్లేన్‌ను చివరిదాకా వదల్లేదు. ఆరోగ్యం పాడై ఆయన మళ్లీ మళ్లీ అమెరికా వెళ్లి కోలుకోవలసి వచ్చింది. అంటే తండ్రి చేసిన ఆ ఒక్క ప్రయాణం ఖరీదును ఇల్లు నలభై ఏళ్లు కడుతూనే వచ్చింది.

మదనపల్లెలో ఆయన దినచర్యలో వైద్యానిదే పెద్ద భాగం. జ్వరాలు, పుళ్లు, కంటి జబ్బులు, పాము కాట్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్ల మీద రోగులు వచ్చేవారు. ముందు వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పడం, ఆ తరువాత నాడి పట్టడం అప్పటి మిషన్ వైద్యుల పద్ధతి. అది చాలదన్నట్టు 1873లో ఇంకో బాధ్యత మీద పడింది. తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఆయన అధ్యక్షులయ్యారు. వేరువేరు మిషన్ల పండితులతో కూర్చుని, ఒక్కొక్క మాటనూ తూచి చూసుకునే ఆ పనిలో 1894 దాకా ఉన్నారు. ఇరవై ఒక్క ఏళ్లు! ఒక బిడ్డ పుట్టి, పెరిగి, పెళ్లీడుకు వచ్చేంత కాలం.

ఇంత పని ఒక మనిషి ఎలా చేశాడని ఆశ్చర్యపోయే ముందు మిషన్ బంగళా ఎలా నడిచేదో తెలుసుకోవాలి. జీతం మిషనరీ పేరు మీద వచ్చేది. భార్యకు వేరే జీతం లేదు. కానీ పని మాత్రం నిండా ఉండేది. బాలికల బడి చూసుకోవడం, ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి పలకరించడం, వేళకాని వేళ వచ్చే అతిథులకు వండిపెట్టడం, భర్త ఊళ్లో లేనప్పుడు మిషన్ కేంద్రం మంచిచెడ్డలు చూడటం దొరసానిగారి వంతు. చాంబర్లేన్ మూడు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడగలిగారంటే, ఆ పడవలను ఒడ్డున పట్టుకుని ఉన్నది షార్లెట్. ఆయన వెంట నడిచిన ఉపదేశులకు కూడా ఇళ్లున్నాయి. గోదావరి యాత్రకు వెళ్లిన ఆ నలుగురి ఇళ్లల్లో కూడా ఎదురుచూపులు తప్పి ఉండవు.

ఆ తండ్రికి గర్వపడే రోజు వచ్చింది. పెద్దవాడు విలియం 1887లో అదే ఆర్కాటు మిషన్‌లో చేరి, వెల్లూరులోని ఊరీస్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1891లో ఇంకో కొడుకు లూయిస్ కూడా వచ్చి, తండ్రి ఊరైన మదనపల్లెలోనే పనిచేశారు. ఆ తరువాత అమెరికాలో విలియం తమ చర్చి విదేశీ మిషన్ల బోర్డుకు కార్యదర్శి అయితే, లూయిస్ అమెరికన్ బైబిల్ సొసైటీకి కార్యదర్శి అయ్యారు. తెలుగు బైబిలు మీద తండ్రి రెండు దశాబ్దాలు తల వంచి కూర్చోవడం చూసిన కొడుకు, లోకమంతటికీ బైబిలు అందించే సంస్థలో ముఖ్యుడయ్యాడు. ఏ తండ్రికైనా అంతకన్న ఏం కావాలి?

అయితే మిషన్ ఇళ్లల్లో పెరిగిన పిల్లలందరి కథా ఇంత తేలికగా సాగలేదు. చదువు కోసం వాళ్లను సముద్రాలు దాటించి బంధువుల ఇళ్లల్లో దిగబెట్టడం అప్పట్లో మామూలు. మదనపల్లెకు దక్షిణంగా, అదే మిషన్‌లో పనిచేసిన రెండో జాన్ స్కడ్డర్ కూతురు ఐడా కథ ఈ బాధను బాగా చెబుతుంది. 1870లో రాణిపేటలో పుట్టిన ఐడాను అమెరికాలో బంధువుల దగ్గర వదిలి తల్లి భర్త దగ్గరికి ఇండియా వెళ్లిపోయింది. ఆ రాత్రి అమ్మ దిండు మీద ముఖం దాచుకుని ఏడ్చిన ఆ పిల్ల, తను మాత్రం మిషనరీని కానని పట్టుబట్టింది. స్కడ్డర్ల వంశమంతా ఒక దారి, తనది ఇంకో దారి అనుకుంది. ఆమె తాత మొదటి జాన్ స్కడ్డర్ కొడుకులు ఏడుగురు ఇండియాకు మిషనరీలుగా వచ్చినవాళ్లు మరి.

తల్లి జబ్బుపడిందని తెలిసి 1890లో ఐడా తిండివనం వచ్చింది. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒకరి తరువాత ఒకరు, కాన్పు కష్టమైన భార్యల కోసం ఆ ఇంటి తలుపు తట్టారు. ఐడా తండ్రి మంచి డాక్టరు, పక్క గదిలోనే ఉన్నారు. పరపురుషుడు మా ఆడవాళ్లను ముట్టకూడదని వాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆ ఉదయం ఐడా మనసు మారింది. ఆమె కార్నెల్‌లో వైద్యం చదివి 1900లో తిరిగొచ్చి వెల్లూరులో వైద్యం మొదలుపెట్టింది. ఆ ఏడే తండ్రి కన్నుమూశారు. కూతురిని డాక్టరుగా పక్కన నిలబెట్టుకునే భాగ్యం ఆయనకు కొద్ది నెలలే దక్కింది. చిత్తూరు, మదనపల్లె, కుప్పం జనం ఈనాటికీ ప్రాణం మీదికి వస్తే ‘వెల్లూరుకు తీసుకెళ్లండి’ అంటారు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.) ఆసుపత్రికి పునాది ఆ కూతురు వేసినదే.

మదనపల్లెకూ ఆడ డాక్టరు అవసరం ఉండేది. ఎంత పేరున్నా మగ డాక్టరు దగ్గరికి రాని ఆడవాళ్లు చాలామంది. చాంబర్లేన్ 1908 మార్చి 2న మదనపల్లెలోనే చనిపోయారు. 1911లో డాక్టర్ లూయిసా హార్ట్ ఆధ్వర్యంలో అక్కడ మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలిసింది. ఊరి బయట ఆరోగ్యవరంలో, పలు మిషన్లు చేతులు కలిపి కట్టిన క్షయ ఆసుపత్రి 1915లో పని మొదలుపెట్టింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దాని మొదటి సూపరింటెండెంట్. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు రాని రోజుల్లో క్షయకు విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి మాత్రమే వైద్యం. ఆ మెట్ట గాలి కోసం ఎక్కడెక్కడి నుంచో తండ్రులు, తల్లులు పిల్లలను వదిలి నెలల తరబడి అక్కడ మంచం పట్టి ఉండేవారు. అక్కడ పనిచేసిన డాక్టర్లకూ నర్సులకూ కూడా ఇంటికీ వార్డుకూ ప్రార్థనకూ మధ్య సమయం పంచుకోక తప్పేది కాదు.

మిషన్లు పోయి సంఘాలు మిగిలాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఆర్కాటు మిషన్ కట్టిన చర్చీలు, బడులు, ఆసుపత్రులు దాని కిందికి వచ్చాయి. మదనపల్లె వైపు సంఘాలు రాయలసీమ డయాసిస్‌లో ఉన్నాయి. ఇక్కడి అయ్యగార్లకు ఇప్పుడు గుర్రాలు, పులులు లేకపోయినా బదిలీలు ఉన్నాయి. కొన్నేళ్లకోసారి ఊరు మారాలి. పిల్లల బడి మారాలి, భార్య టీచరో నర్సో అయితే ఆమె ఉద్యోగం చిక్కులో పడుతుంది. తన ఇంటిని చక్కగా ఏలుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో అడుగుతాడు. ప్రతి అయ్యగారికీ ఆ ప్రశ్న ఏదో ఒక రాత్రి ఎదురవుతుంది.

సంఘపెద్దల పరిస్థితి ఇంకో రకం. వాళ్లకు చర్చి జీతం ఇవ్వదు. మదనపల్లె టమోటా మార్కెట్‌కు ఆదివారం, సోమవారం తేడా లేదు. కోత మీదున్న పంటను చల్లని పొద్దున్నే కోయించి మండీకి చేర్చకపోతే రైతు మునిగిపోతాడు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గం మీద కూర్చున్న నేతగాడికి చీర దిగితేనే కూలి. పుంగనూరు చుట్టుపక్కల పాడి ఉన్న ఇంట్లో ఆవులు ఆరాధన అయ్యేదాకా ఆగవు. కుప్పంలోనైతే ఎంతోమంది తండ్రులు తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కుతారు. వంద కిలోమీటర్లకు పైగా పోయి, ఉద్యోగం చేసి, చీకటి పడ్డాక దిగుతారు. వారంలో పిల్లలు మెలకువగా ఉండగా నాన్నను చూసే వేళలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ రోజు చర్చి కూడా అదే మనిషిని పిలుస్తుంది. కానుకలు లెక్కపెట్టాలి, మైకు చూసుకోవాలి, కమిటీలో కూర్చోవాలి, జబ్బుపడినవాళ్లను పలకరించాలి.

ఇందులో ఆనందం కూడా నిండుగా ఉంది. సండేస్కూలు వార్షికోత్సవంలో చిన్నది తడుముకోకుండా వాక్యం అప్పజెప్పినప్పుడు తండ్రి ముఖం చూడాలి. కోత పండుగకు ఇంటి పొలంలో కాసిన గుమ్మడికాయ వేలంలో మంచి ధర పలికితే, క్రిస్మస్ కారల్స్‌కు కొడుకు డప్పు పట్టుకుని ముందు నడిస్తే, మొదటిసారి ప్రభు రాత్రి భోజనంలో కూతురు చేయి చాచితే ఆ తండ్రి గుండె నిండిపోతుంది. పిల్లలు ఈ వేడుకల్లో నాన్న పక్కన ఉంటే చర్చి వాళ్ల నుంచి నాన్నను లాక్కునే చోటు కాదు, నాన్నతో కలిసి గడిపే చోటు అవుతుంది.

చాంబర్లేన్ కొడుకులు తండ్రి పనిలోకే వచ్చారు. ఐడా చిన్నతనంలో దాని బయట ఉండిపోయి కుమిలిపోయింది. ఇప్పటి సంఘాలు ఈ తేడాను పట్టించుకోవాలి. కమిటీ మీటింగును ఆదివారం రాత్రికి బదులు ఆరాధన అయిన వెంటనే గంటలో ముగించవచ్చు. కుప్పం రైలెక్కే తండ్రికి వారం మధ్య కూడికల బాధ్యత తప్పించి, సండేస్కూలులో తన పిల్లల తరగతినే అప్పగించవచ్చు. పరామర్శకు వెళ్లేటప్పుడు పెద్దపిల్లలను వెంట తీసుకెళ్లమనవచ్చు. అయ్యగారి బదిలీ బడికి వేసవి సెలవులిచ్చాక జరిగితే పిల్లల చదువు ఏడాది మధ్యలో తెగదు. స్త్రీల మైత్రి కూడిక జరిగే మధ్యాహ్నం ఇంట్లో వంట, చంటిపిల్లల సంగతి నాన్న చూసుకోవచ్చు. దొరసానిగారికి దొరకని ఆ మధ్యాహ్నాన్ని ఇప్పటి అమ్మలకు ఇప్పించడం ఏ సంఘానికైనా చేతనయిన పనే.