చలికాలానికి వేరే టైర్లెందుకు?

కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు కార్లకు చలికాలపు టైర్లు ఉండి తీరాలి. అది చట్టం. ఉన్న టైర్లు బాగానే ఉన్నా మార్చడం ఎందుకు?

రబ్బరు వల్ల. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు ఫ్రిజ్‌లో పెట్టిన నెయ్యిలా బిగుసుకుపోతుంది. గట్టిపడిన రబ్బరుకు రోడ్డు మీద పట్టు దొరకదు. చలికాలపు టైరులో రబ్బరు మిశ్రమమే వేరు. గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉంటుంది. పైగా దాని ఒంటి నిండా సన్నని గాట్లు. వాటి అంచులే మంచును పట్టుకుంటాయి. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు బొమ్మ ఉన్నాయో లేదో చూడాలి. నాలుగు టైర్లూ మార్చాలి. ఖర్చని ముందు రెండే మారిస్తే, మలుపులో వెనక భాగం జారి బండి గిర్రున తిరిగిపోవచ్చు!

చిత్రమేమిటంటే, గడ్డకట్టించే చలిలో కంటే సున్నా డిగ్రీల దగ్గరే మంచుగడ్డ ఎక్కువ జారుతుంది, పైన పల్చటి నీటి పొర ఉంటుంది కనుక. అక్కడ ఎంత మంచి టైరైనా నెమ్మదిగానే వెళ్లాలి, ముందు బండికి బాగా ఎడం ఉంచాలి. జారితే? యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, వెళ్లాల్సిన వైపే చూస్తూ స్టీరింగ్‌ను మెల్లగా అటు తిప్పాలి. వంతెనల మీద మరీ జాగ్రత్త: కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా చలిగాలే. అందుకే మిగతా రోడ్డు కంటే ముందే అవి గడ్డకడతాయి.