వార్తల్లో పదం: ఆక్సిడేటివ్ స్ట్రెస్

కర్నూలు, కడప ఎండలకు కాలిన బండల మీద ఒట్టి కాళ్లతో నడిచినా కొందరికి చురుక్కుమనదు. రాత్రి పడుకుంటే మాత్రం అరికాళ్లు భగ్గున మండుతాయి. మధుమేహం నరాలను దెబ్బతీసిందనడానికి ఇదొక గుర్తు.

దీని వెనుక వినిపించే మాటే ఆక్సిడేటివ్ స్ట్రెస్. 1985లో జర్మనీ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ఈ భావనకు రూపమిచ్చారు. రక్తంలో చక్కెర పెరిగితే కణాల్లో ఫ్రీ రాడికల్స్ అనే హానికర అణువులు ఎక్కువవుతాయి. వాటిని అణిచే యాంటీఆక్సిడెంట్లు చాలనప్పుడు నరాలు, వాటిని పోషించే సన్నని రక్తనాళాలు పాడవుతాయి.

చికిత్సగా బాగా పరీక్షించింది ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం అనే యాంటీఆక్సిడెంట్‌ను. 2006లో వెలువడిన సిడ్నీ-2 అధ్యయనంలో రోజుకు 600 మి.గ్రా. చొప్పున 5 వారాలు వాడినవారికి మంట, నొప్పి తగ్గాయి. అయితే ఇదే మందుపై జరిగిన 4 ఏళ్ల నేథన్-1 అధ్యయనంలో ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అందుకే ఈ మాత్ర చక్కెర అదుపుకు బదులు కాదు. డాక్టరు చెబితేనే వాడాలి. రోజూ అరికాళ్లు చూసుకోండి, ఎండలో చెప్పులు విడవకండి.