ధర ఫోనులో, బస్తా భుజం మీద

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్ట ముట్టించుకోను నిప్పడిగాడట ఇంకొకడు. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు మన పల్లెల్లో జరిగిందీ ఇంచుమించు అదే. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ పెట్టారు. అది మిర్చి, పసుపు యార్డులకు చేరే కాలం. రబీ వరి కోతకొచ్చే కాలం. లారీలు ఆగాయి, యార్డుల గేట్లు మూతపడ్డాయి, కూలీ ఊరు దాటి పనికి పోలేకపోయాడు. పండించినవాడు సరుకు పక్కన కూర్చుని దిగులుపడ్డాడు.

కాని పెట్టుబడి దిగులుపడుతూ కూర్చోలేదు. మనిషిని మనిషి తాకకుండా వ్యాపారం సాగించే దారి వెతికింది. ఆ దారి ఫోనులో దొరికింది. 2020 మార్చిలో యుపిఐ చెల్లింపులు 125 కోట్లయితే, 2022 మార్చిలో అవి 540 కోట్లు! లాక్‌డౌన్ పెట్టి నెల తిరగకముందే, ఏప్రిల్ 22న, ఫేస్‌బుక్ కంపెనీ జియోలో రూ. 43,574 కోట్లు పెడుతున్నట్టు ప్రకటించింది. వీధి చివరి కిరాణా కొట్టును వాట్సాప్‌తో కలుపుతామని ఆ కంపెనీలు బాహాటంగానే చెప్పాయి.

పంట అమ్మకానికీ ఇదే ఊపు వచ్చింది. 2016లో మొదలైన జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, నాలుగేళ్ళలో 585 మార్కెట్లకు చేరింది. 2020 మే 15 నాటికల్లా అవి 1,000 అయ్యాయి. సరుకు యార్డుకు తేకుండా గోదాములోనే ఉంచి అమ్ముకునే ఏర్పాటు కూడా ఆ ఏప్రిల్‌లోనే తెచ్చారు.

ఈ పద్ధతిలో మంచే లేదని మనం అనడం లేదు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని రైతుకు తెలియకుండా ధర కట్టిన రోజులు పెద్దలకు గుర్తే. ఇప్పుడు రాశికి నంబరు వేస్తారు, వ్యాపారులు కంప్యూటరులో ధర కోట్ చేస్తారు, ఎక్కువ కోట్ చేసినవాడికి సరుకు, రైతు ఖాతాకు డబ్బు. వినడానికి బాగానే ఉంది. కాని అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది! ఆ శని పేరు అప్పు. 2019 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో నూటికి దాదాపు 92 రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. విత్తనాలకూ పురుగుమందుకూ కమీషన్ వ్యాపారి దగ్గర చెయ్యి చాచినవాడు సరుకు అతని కొట్టుకే తోలాలి గదా. ఫోనులో దేశమంతా ధరలు కనిపిస్తే మాత్రం ఏం లాభం?

ఇక కౌలుదారు సంగతి. కంప్యూటరు అడిగేది పాసుపుస్తకం, ఆధార్, ఖాతా నంబరు. చెమటోడ్చింది ఎవరని అది అడగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన పంట సాగుదారుల చట్టం కూడా కౌలుకార్డుకు భూయజమాని సంతకం పెట్టాలనే షరతు పెట్టింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామి భయం. సంతకం లేకపోతే కార్డు లేదు. కార్డు లేనివాడి పంట ఆసామి పేరుతోనే కంప్యూటరుకెక్కుతుంది. డబ్బు ఆసామి ఖాతాలో పడుతుంది. కౌలుదారు ఆ గడపలో నిలబడి తన డబ్బు తానే అడుక్కోవాలి.

మరి బస్తా మోసేదెవరు? 2020 మే 1న దేశంలో తొలి శ్రామిక రైలు వలస కూలీలను ఎక్కించుకుని హైదరాబాదు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు కదిలింది. వారం తిరిగేసరికి బీహారు నుంచి రెండు వందల మందికి పైగా కూలీలను ఇంకో రైలు అదే లింగంపల్లిలో దింపింది. ఎందుకని? రైసు మిల్లుల్లో ధాన్యం దించే హమాలీలు లేక! ధర ఫోనులో కదలవచ్చు గాని, బస్తా మనిషి భుజం మీదనే కదులుతుంది. ఆ భుజానికి మాత్రం కూలిరేటు పెంచే యాప్ ఎవరూ కనిపెట్టలేదు.

జనం గుమిగూడరాదన్న రోజుల్లోనే, 2020 జూన్ 5న, కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ ఆర్డినెన్సులు తెచ్చింది. సెప్టెంబరులో చట్టాలు చేసింది. పాన్ నంబరు ఉన్న కంపెనీ ఏదైనా సొంత ఎలక్ట్రానిక్ మార్కెట్ పెట్టుకోవచ్చునట. అందులో రైతు మోసపోతే సివిల్ కోర్టుకు పోరాదట! ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా ఎండకూ చలికీ కూర్చున్న రైతులు 2021 నవంబరులో వాటిని రద్దు చేయించారు. ఫోను చేతబట్టుకునే, ఆ ఫోనులోనే కబురందించుకుంటూ సాగిన పోరాటమది.

కనుక యంత్రం మీద మనకు పగ లేదు. అది ఎవరి చేతిలో ఉందన్నదే మన ప్రశ్న. ఆసామి సంతకంతో పనిలేకుండా సాగుచేసినవాడి పేరే కంప్యూటరుకెక్కాలి. కమీషన్ వ్యాపారి అప్పు నుంచి విడిపించేలా బ్యాంకు రుణం అందాలి. గోదాములో అమ్మినా, యార్డులో అమ్మినా హమాలీకి పనీ, న్యాయమైన రేటూ ఉండాలి. ఈ మూడూ అడగటానికి కొత్త ఫోను అక్కర్లేదు. ఊరూరా కౌలుదారూ కూలీ హమాలీ ఒక చోట కూర్చుంటే చాలు. ఆ కూర్చోవడం ఈ సీజను కోతలకు ముందే జరగాలి.