డేటు దాటితే బ్రాండ్ గల్లంతే!

2016 మార్చిలో దేశమంతా ట్రేడ్‌మార్క్ ఏజెంట్లకి నిద్ర కరువైంది. కొద్దిరోజుల్లోనే లక్షకు పైగా దరఖాస్తుల స్టేటస్ 'అబాండన్డ్' అని మారిపోయింది. అంటే ఆ పేరు మీద హక్కు అడిగినవాళ్లు తమంతట తామే వదిలేసుకున్నట్టు లెక్క. ఎగ్జామినేషన్ రిపోర్టుకి జవాబు రాలేదన్నది ఆఫీసు చెప్పిన కారణం. 'అసలు రిపోర్టే అందలేదు', 'మేం ఎప్పుడో జవాబిచ్చాం' అంటూ చాలామంది గగ్గోలు పెట్టారు. విషయం ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. ఏప్రిల్ 5న కోర్టు ఆ ఉత్తర్వుల అమలును ఆపడంతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పేటెంట్లలోనూ ఇదే కథ. యూరోపియన్ యూనియన్ అంతటి సంస్థ ఇక్కడ వేసుకున్న పేటెంట్ దరఖాస్తులు కూడా ఏజెంటు సకాలంలో జవాబివ్వకపోవడంతో అబాండన్ అయిపోయాయి. 2022లో ఢిల్లీ హైకోర్టు వాటిని మళ్లీ బతికించింది. వదులుకోవాలన్న ఉద్దేశం దరఖాస్తుదారుకి లేదని గుర్తించింది కాబట్టి సరిపోయింది. మరి హైకోర్టు దాకా వెళ్లే స్తోమత లేని పచ్చళ్ల వ్యాపారి సంగతేంటి?

నేను లాయర్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. విజయవాడలో మా వదిన ట్రేడ్‌మార్క్ ఏజెంటు. పొడులు, బొటిక్‌లు, చిన్న చిన్న యాప్‌లు... ఆవిడ క్లయింట్లంతా మనలాంటివాళ్లే. ఆవిడ ఆఫీసుకి కావాల్సిన షీట్లు, రిమైండర్లు నేనే తయారుచేసిపెట్టాను. 'కేసు ఓడిపోతే క్లయింటు బాధపడతాడురా, డేటు మర్చిపోతే మాత్రం క్షమించడు' అంటుంది వదిన. ఈ ఫీల్డులో కొత్తగా అడుగుపెట్టినవాళ్లకీ, సొంతంగా బ్రాండ్ రిజిస్టర్ చేసుకుంటున్నవాళ్లకీ పనికొస్తాయని ఆ ఆఫీసులో నేను చూసిన, చేసిన విషయాలు కొన్ని రాస్తున్నా.

ముందు ఈ తేదీలు రాసిపెట్టుకోండి

ట్రేడ్‌మార్క్‌లో ఎగ్జామినేషన్ రిపోర్టు అందాక జవాబుకి నెల రోజులు. జర్నల్‌లో పేరు అచ్చయ్యాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి 4 నెలలు. అలా ఎవరైనా అభ్యంతరం పెడితే, ఆ నోటీసు కాపీ అందిన 2 నెలల్లో మన కౌంటర్ స్టేట్‌మెంట్ పడాలి. పడకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టేనని చట్టమే చెబుతోంది. రిజిస్ట్రేషన్ వచ్చాక 10 ఏళ్లకోసారి రెన్యువల్.

పేటెంట్‌లో ప్రొవిజనల్ ఫైల్ చేస్తే 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ ఇవ్వాలి. పరీక్షించమని అడిగే గడువు ఒకప్పుడు 48 నెలలు. 2024 మార్చిలో వచ్చిన సవరణతో, ఆ తర్వాత వేసిన దరఖాస్తులకి అది 31 నెలలకి తగ్గింది. పాత లెక్కే గుర్తున్నవాళ్లకి ఇక్కడే దెబ్బ పడుతుంది. మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చాక జవాబుకి 6 నెలలు.

నెలంటే 30 రోజులు కాదు

ఎక్సెల్‌లో చాలామంది 2 నెలల గడువుకి తేదీ పక్కన 60 కలిపేస్తారు. అభ్యంతరం కాపీ డిసెంబర్ 31న అందిందనుకోండి. 60 రోజులు కలిపితే మార్చి 1 వస్తుంది. కానీ 2 నెలలు పూర్తయ్యేది ఫిబ్రవరి 28న! షీటు చూసి ధీమాగా మార్చి 1న ఫైల్ చేస్తే అప్పటికే ఒకరోజు ఆలస్యం.

అందుకే నెలల్ని లెక్కపెట్టే 'ఈడేట్' ఫార్ములా వాడండి. ఎక్సెల్‌లోనూ, గూగుల్ షీట్స్‌లోనూ ఉంటుంది. తేదీ, ఎన్ని నెలలన్నది ఇస్తే చాలు, నెలాఖరు తిప్పలన్నీ అదే చూసుకుంటుంది. ఆ పక్కనే ఇంకో కాలమ్ పెట్టి 10 రోజులు తగ్గించండి. ఆఫీసులో అందరికీ కనిపించాల్సిన 'చివరి తేదీ' అదే. అసలు గడువు మీ కంటికి మాత్రమే.

షీటులో ఇంకో కాలమ్ కూడా ఉండాలి: గడువు ఏ రోజు నుంచి మొదలైంది, దానికి ఆధారమేంటి? జర్నల్ తేదీయా, మెయిల్ వచ్చిన తేదీయా? ఆరు నెలల తర్వాత ఆ ఫైలు వేరే జూనియర్ తెరిచినప్పుడు ఆ ఒక్క మాటే కాపాడుతుంది.

స్పామ్ ఫోల్డర్‌లో పడినా అందినట్టే

2017 ట్రేడ్‌మార్క్ రూల్స్ ప్రకారం ఆఫీసు ఈమెయిల్ పంపితే, పంపిన సమయానికే మీకు అందినట్టు లెక్క. మీరు తెరిచారా, ప్రమోషన్స్ ట్యాబ్‌లో కలిసిపోయిందా అన్నది వాళ్లకి అనవసరం. జీమెయిల్‌లో ఆఫీసు చిరునామాలకి ఫిల్టర్ పెట్టి, 'స్పామ్‌కి పంపొద్దు' ఆప్షన్ టిక్ చేయండి. అదే ఫిల్టర్‌తో ఇంకొకరికి ఫార్వర్డ్ అయ్యేలా చూడండి. కంపెనీ పేరు మీద ఫైల్ చేసేటప్పుడు ఉద్యోగి పర్సనల్ మెయిల్ ఇవ్వకండి. అతను జాబ్ మారితే నోటీసులు అతనితోనే వెళ్లిపోతాయి.

మెయిల్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా వారానికోసారి అప్లికేషన్ నంబర్ కొట్టి స్టేటస్ చూడండి. ట్రేడ్‌మార్క్ జర్నల్ సోమవారం వస్తుంది కాబట్టి మంగళవారం పొద్దున్న ఆ పని పెట్టుకోండి. స్టేటస్‌లో కనిపించే రెండు మాటల్ని చాలామంది కలగాపులగం చేస్తారు. 'ఆబ్జెక్టెడ్' అంటే ఆఫీసుకే సందేహాలున్నాయి. 'అపోజ్డ్' అంటే బయటివాళ్లెవరో అడ్డుపడ్డారు. జవాబు వేరు, గడువు వేరు.

ఫొటో కాదు, డాక్యుమెంట్‌గా పంపండి

'ఈ పేరు మేం ఎప్పటినుంచో వాడుతున్నాం' అంటే అఫిడవిట్‌తోపాటు రుజువులూ కావాలి. పాత బిల్లులు, ప్యాకెట్ ఫొటోలు, ఇన్‌స్టా పోస్టులు. క్లయింట్లు వీటన్నిటినీ వాట్సాప్‌లో ఫొటోలుగా పంపేస్తారు. అప్పుడు ఫైలు కంప్రెస్ అవుతుంది, ఎప్పుడు తీశారన్న వివరం పోతుంది. అదే డాక్యుమెంట్‌గా పంపిస్తే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో పెట్టాలంటే ఇచ్చే సర్టిఫికెట్‌లో దాని హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఒక్క పిక్సెల్ మారినా వేలిముద్ర మారిపోతుంది. విండోస్‌లో 'సర్ట్‌యుటిల్' అనే టూల్ ముందే ఉంటుంది, దాంతో నిమిషంలో తీసుకోవచ్చు. రుజువు చేతికొచ్చిన రోజే హ్యాష్ తీసి షీటులో రాసేయండి. ఒరిజినల్‌ని వేరే ఫోల్డర్‌లో దాచి, పనికి కాపీ వాడండి. ఫైలు పేరు ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు పెడితే ఫోల్డరంతా తేదీల వరసలో దానంతటదే సర్దుకుంటుంది.

ఏఐకి ఎంత చెప్పాలి?

డ్రాఫ్టులో ఇంగ్లిష్ దిద్దించుకోవడానికి ఏఐ భేషుగ్గా ఉంటుంది. కానీ 2023లో క్రిస్టియన్ లూబుటిన్ బూట్ల ట్రేడ్‌మార్క్ కేసులో తమ బ్రాండ్‌కున్న పేరుప్రఖ్యాతులు చూపించడానికి చాట్‌జీపీటీ జవాబులు పెడితే, వాటి ఆధారంగా తీర్పు చెప్పడం కుదరదని ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఏఐ చెప్పిన ప్రతి కేసునీ ఒరిజినల్ తీర్పు తెరిచి చూశాకే జవాబులో పెట్టండి.

పేటెంట్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఫైలింగ్ కాకముందు ఆవిష్కరణ బయటపడితే కొత్తదనం పోయే ప్రమాదముంది. క్లయింటు చెప్పిన రహస్యాన్ని ఉచిత చాట్‌బాట్‌లో పేస్ట్ చేయడమంటే, దాన్ని మీ చేతుల్లోంచి దాటించడమే. టైపు చేసినది ట్రైనింగ్‌కి వాడతారో లేదో సెట్టింగ్స్‌లో ముందే చూసుకోండి. అనుమానముంటే అసలు పెట్టొద్దు.

టోకెన్‌కీ ఓ రిమైండర్

ఈ-ఫైలింగ్‌కి క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్ ఉండాలి. అది యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, దానికీ ఎక్స్‌పైరీ ఉంటుంది. గడువు రోజు రాత్రి 11 గంటలకి సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయిందని తెలిస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? ఎక్స్‌పైరీకి 30 రోజుల ముందు రిమైండర్ పెట్టండి. టోకెన్ డ్రైవర్ని రెండో ల్యాప్‌టాప్‌లోనూ ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి సంతకం పెట్టి చూడండి.

ఇంకో మాట. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే లా డిగ్రీ అక్కర్లేదు, సైన్సో ఇంజినీరింగో డిగ్రీ ఉంటే చాలు. బీటెక్ అయ్యాక ఏం చేయాలా అని చూస్తున్నవాళ్లు దీన్నీ ఒకసారి ఆలోచించండి.

ఇప్పటికే ఏదైనా దరఖాస్తు పెట్టినవాళ్లు ముందు ఈ సాయంత్రం మూడు పనులు చేయండి: స్టేటస్ చూడండి, స్పామ్ ఫోల్డర్ వెతకండి, ఫైలింగ్‌లో ఏ మెయిల్ ఐడీ ఇచ్చారో సరిచూసుకోండి. పావుగంట కూడా పట్టదు.