‘డాక్టరమ్మా... నడుం పుల్లగా ఉంది!’

పాఠాలు ఇంగ్లిషులో... రోగులు చైనీస్‌లో! అమ్రాబాద్ నుంచి వుహాన్ వెళ్లి వైద్యం చదివొచ్చిన ఓ అమ్మాయి ఆరేళ్ల అనుభవాలివి. పిల్లల్ని అక్కడికి పంపాలనుకునే అమ్మానాన్నలు తెలుసుకోవాల్సిన సంగతులూ ఇందులో ఉన్నాయి.

మూడో ఏడాదిలో మొదటిసారి మమ్మల్ని ఆస్పత్రి వార్డుకు తీసుకెళ్లారు. మంచం మీద డెబ్భై ఏళ్ల పెద్దావిడ. నడుం మీద చెయ్యేసుకుని ‘యావ్ స్వాన్’ అంది. యావ్ అంటే నడుమని తెలుసు. మరి స్వాన్? హోటల్లో పుల్లపుల్లగా, కారంగా ఉండే సూపు తాగుతూ నేర్చుకున్న మాట అది. స్వాన్ అంటే పులుపు. నడుం పుల్లగా ఉండటమేమిటి? తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను.

ఆవిడ మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా. నాకు చెవుడనుకుందేమో! పక్కనే ఉన్న చైనా అమ్మాయి నవ్వాపుకుంటూ వివరించింది. పొడిచినట్టో కోసినట్టో వచ్చే నొప్పి కాదట. బరువు మోసినప్పుడు లాగినట్టుండే నొప్పిని వాళ్లు పులుపంటారట. పుస్తకంలో నడుం నొప్పి గురించి అధ్యాయమంతా కంఠతా పట్టాను. కానీ ఎదుటి మనిషి నొప్పి నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆముదం చేను అమ్మి...

మాది అమ్రాబాద్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దగ్గర పక్కకు తిరిగితే వస్తుంది. చుట్టూ నల్లమల. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. 2012 ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకుకి కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. మేనేజ్‌మెంట్ సీటు ఊసెత్తే స్తోమత మాకు లేదు. అప్పుడే ఓ ఏజెంటు ఇంటికొచ్చాడు. ‘అక్కడంతా ఇంగ్లిషు మీడియమే. చైనీస్ ముక్క రాకపోయినా డాక్టరై వస్తుంది’ అన్నాడు. నాయిన రెండెకరాల ఆముదం చేను అమ్మేశాడు. మిగతాది బ్యాంకు అప్పు.

‘బిడ్డా, గాడ బువ్వ దొరుకుతదా?’ అమ్మ అడిగింది అదొక్కటే. నా పెట్టెలో బట్టల కన్నా పచ్చళ్లూ పొడులే ఎక్కువ.

బువ్వయితే దొరికింది. ముద్దముద్దగా అంటుకుపోయే అన్నం, పుల్లలతో తినాలి. నీళ్లతోనే ఇబ్బంది. ఏ హోటల్లో అడిగినా, ఎండాకాలంలో కూడా, పొగలు కక్కే వేణ్నీళ్లే ఇస్తారు. అక్కడ కాలేజీ పిల్లలు పొద్దున్నే పుస్తకాలతో పాటు ఫ్లాస్కు కూడా మోసుకెళతారు. కొన్నాళ్లకు మాకూ అదే అలవాటైంది.

వుహాన్ ఎండలకు మహబూబ్‌నగర్ జిల్లా పిల్ల బెదరదు. చలికే బెదిరిపోయాను. హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో చలికాలమంతా ఇళ్లను గొట్టాలతో వెచ్చబెడతారు. వుహాన్ దానికి దక్షిణాన ఉంది కాబట్టి ఆ భాగ్యం లేదు. జనవరిలో గదిలోనే కోటు వేసుకుని, వేణ్నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని చదివేవాళ్లం.

అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. నాయిన పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని ఫోను చేసేసరికి నాకు రాత్రి పది దాటేది. ‘మంచిగనే ఉన్న’ అని ఇద్దరం ఒకరికొకరు అబద్ధం చెప్పుకునేవాళ్లం.

నాలుగు ‘మా’లు

మొదటి ఏడాది చైనీస్ క్లాసు ఉండేది. అక్షరం ఒకటే అయినా పలికే స్వరాన్ని బట్టి అర్థం మారిపోతుంది. ‘మా’ అనే మాటనే తీసుకోండి. తిన్నగా సాగదీస్తే అమ్మ. పైకి లేపితే తిమ్మిరి. కిందికి దించి లేపితే గుర్రం. గట్టిగా కిందికి విసిరితే తిట్టు! టీచరమ్మను గుర్రమని పిలిచిన ఘనులు మా బ్యాచ్‌లో చాలామందే.

నవ్వుకున్నాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం. ఎందుకంటే చైనీస్‌తో పని పడలేదు. హాస్టల్లో మా అంతస్తంతా తెలుగే. వంట మనదే, సినిమాలు మనవే, సెలవు రోజు కబుర్లూ మనవే. వుహాన్‌లో ఓ చిన్న దిల్‌సుఖ్‌నగర్ కట్టుకుని రెండేళ్లు హాయిగా గడిపేశాం.

‘పుల్లటి నడుం’ నా కళ్లు తెరిపించింది. పాఠం ఇంగ్లిషులో చెబుతారు నిజమే. రోగం ఇంగ్లిషులో రాదు కదా! ఓ సీనియర్ అక్కను సలహా అడిగితే, ‘పుస్తకం మూసి బజార్లో పడు’ అంది.

పడ్డాను. పొద్దున్నే హాస్టల్ భోజనం మానేసి వీధి చివరి బండి దగ్గరికి వెళ్లేదాన్ని. నువ్వుల ముద్ద కలిపిన వేడి నూడుల్స్ వుహాన్‌వాళ్ల ఉదయపు ఫలహారం. పేరు ‘రగాన్‌మియెన్’. కూరగాయలమ్మేవాళ్ల దగ్గర చేతివేళ్ల లెక్క నేర్చుకున్నాను. బొటనవేలూ చిటికెనవేలూ చాపితే ఆరు. రెండు చూపుడువేళ్లు అడ్డంగా పెడితే పది. మేం వెళ్లిన ఏడాది, 2012 డిసెంబరులోనే యాంగ్‌ట్సీ నది అడుగు నుంచి మెట్రో రైలు మొదలైంది. అందులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తిరుగుతూ స్టేషన్ల పేర్లు చదవడం ఆదివారం పని.

ఒక విషయం మాత్రం మనవాళ్లకే తేలిక. ఇంగ్లిషులో అందరూ ఆంటీ, అంకులే. చైనీస్‌లో అలా కాదు. నాయనమ్మ ‘నైనై’, అమ్మమ్మ ‘వైఫో’. మేనమామ ‘జియూజియూ’, మేనత్త ‘గూగూ’. మన వరసలకు సరిగ్గా సరిపోయే మాటలున్నాయి. వార్డులో ముసలమ్మల్ని ‘నైనై’ అని పిలిచేసరికి వాళ్ల మొహాలు విప్పారేవి. ఆ తర్వాత అడక్కుండానే అన్నీ చెప్పేవాళ్లు.

ఓసారి స్నేహితులతో సిచువాన్ వంటకం తిన్నాను. నాలుక మంట, ఆ వెంటనే మొద్దుబారినట్టు తిమ్మిరి. ఆ రుచి పేరు ‘మా-లా’. లా అంటే కారం, మా అంటే తిమ్మిరి. ఆ రుచి తెచ్చే మిరియాల్లాంటి గింజ ఆ వంటలో ఉంటుంది. కొన్ని నెలల తర్వాత నరాల వార్డులో ఓ తాత చెయ్యి చూపిస్తూ ‘షౌ మా’ అన్నాడు. మా బ్యాచ్‌లో ముందుగా నేనే చెప్పాను... ‘చెయ్యి తిమ్మిరెక్కిందంటున్నాడు’. ఆ రోజు నాకొచ్చిన సంతోషం ఏ ర్యాంకుకీ రాలేదు!

రైలే బడి

సెలవులొస్తే రైలెక్కేదాన్ని. వుహాన్ నుంచి బీజింగ్ దాదాపు 1,200 కిలోమీటర్లు. వేగంగా వెళ్లే రైల్లో ఐదు గంటల లోపే. కానీ నేను ఎక్కింది రాత్రంతా సాగే మామూలు రైళ్లే. టికెట్టు తక్కువ, మాటలు ఎక్కువ! మన స్లీపర్ లాగే మూడంతస్తుల పడకలు. మనవాళ్లలాగే ప్రశ్నలు కూడా. ఏ దేశం? ఎన్నేళ్లు? పెళ్లైందా? మీ నాన్న ఏం చేస్తాడు?

ఓసారి ‘వ్యవసాయం’ అని చెబితే, ఏం పండిస్తారని అడిగాడు ఎదుటి సీటాయన. ఆముదానికి చైనీస్ మాట రాదు. ఫోన్‌లో బొమ్మ చూపించాను. ‘ఓ... బీమా!’ అన్నాడు. నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లూ తిరిగాయి. మా ఇంటి బీమా అదే కదా, నా కోసం అమ్మేసుకుంది!

షియాన్ వెళ్లినప్పుడు అందరం మట్టి సైనికుల బొమ్మల్ని చూశాం. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం క్రీ.శ. 652లో కట్టిన పెద్ద పగోడా. మన చరిత్ర పుస్తకాల్లోని హ్యూయన్‌త్సాంగ్ భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాల కోసం కట్టించిందది. మనం పలికినట్టు ఆ పేరు చెబితే అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. వాళ్లకాయన ‘షువాన్‌జాంగ్’. ఆయన మన ధాన్యకటకంలో, అంటే అమరావతిలో, కొన్ని నెలలుండి చదువుకున్నాడు. మా నల్లమలను ఒరుసుకుంటూ వెళ్లే కృష్ణమ్మ ఒడ్డే అది. పద్నాలుగు వందల ఏళ్ల కింద ఆయన మన భాష నేర్చుకుని మన దగ్గర చదివాడు. నేను రెండేళ్లు వాళ్ల ఊళ్లో ఉండి మాట నేర్వకపోతినే అని సిగ్గేసింది.

సోలాపూర్ డాక్టరు

బీజింగ్ దారిలోనే షిజియాజువాంగ్ అనే నగరం వస్తుంది. అక్కడి అమరవీరుల శ్మశానంలో మన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ సమాధి ఉంది. సోలాపూర్‌లో 1910లో పుట్టాడు. చైనా మీద జపాన్ యుద్ధం చేస్తున్న రోజుల్లో, 1938లో మన దేశం నుంచి వెళ్లిన ఐదుగురు డాక్టర్లలో ఆయనొకడు. చైనీస్ మాట్లాడటం, రాయడం నేర్చుకున్నాడు. యుద్ధరంగంలో గాయపడినవాళ్లకు రాత్రింబవళ్లు ఆపరేషన్లు చేశాడు. క్వో చింగ్‌లాన్ అనే నర్సును పెళ్లాడాడు. కొడుక్కి ‘యిన్‌హువా’ అని పేరు పెట్టుకున్నారు. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. 1942 డిసెంబరు 9న మూర్ఛ వ్యాధితో కన్నుమూశాడు. అప్పటికి 32 ఏళ్లు. శాంతారామ్ 1946లో ఆయన కథను హిందీలో సినిమాగా తీశాడు.

మన పెత్రమాస లాంటిదే వాళ్లకి ఏప్రిల్‌లో చింగ్‌మింగ్ పండగ. ఆ రోజుల్లో వెళ్లాను. సమాధి దగ్గర తాజా పూలున్నాయి. పరాయి దేశపు డాక్టరును ఇన్నేళ్లు గుర్తుంచుకున్నారంటే, ఆయన చేసింది వైద్యం ఒక్కటే కాదు. వాళ్ల బాధను వాళ్ల మాటలోనే విన్నాడు.

అసలు పరీక్ష ఇంటి దగ్గరే

2018లో పట్టా పుచ్చుకుని వచ్చాను. ఊళ్లో అందరూ ‘డాక్టరమ్మ వచ్చింది’ అన్నారు. ఇంకా కాలేదని నాకే తెలుసు. విదేశాల్లో చదివినవాళ్లు మన దగ్గర ఎఫ్‌ఎంజీఈ పరీక్ష రాయాలి. 300 మార్కులకు 150 వస్తేనే పాస్. మొదటిసారి తప్పాను. నాయిన ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే ఎక్కువ బాధపెట్టింది. ఆరు నెలలు గది తలుపేసుకుని చదివి, రెండోసారి గట్టెక్కాను.

నేనొక్కదాన్నే కాదు. 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివొచ్చి ఈ పరీక్ష రాసినవాళ్లు 40,417 మంది, పాసైనవాళ్లు 6,387 మంది అని బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022లో చెప్పింది. నూటికి పదహారు మంది! మిగతా ఇళ్లలో ఎన్ని చేలు అమ్ముడుపోయాయో...

2020 జనవరి 23న వుహాన్ తలుపులు మూసేశారు. నేను తిరిగిన వీధులు టీవీలో ఖాళీగా కనిపించాయి. నూడుల్స్ బండి అవ్వ ఎలా ఉందో అని దిగులు పడ్డాను. ఆ నెలాఖరున, ఫిబ్రవరి మొదట్లో రెండు ఎయిరిండియా విమానాల్లో 647 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. వాళ్లలో నా జూనియర్లూ ఉన్నారు. చైనా మళ్లీ విద్యార్థి వీసాలివ్వడానికి 2022 ఆగస్టు వచ్చింది. అంతవరకూ వాళ్లు ఇళ్లలో కూర్చుని ఫోన్‌లోనే పాఠాలు విన్నారు. శరీర నిర్మాణం ఫోన్‌లో చదవొచ్చు. ‘నడుం పుల్లగా ఉంది’ అనే నైనై మాత్రం ఫోన్‌లోకి రాదు!

ఎవరైనా సలహా అడిగితే ఇవే చెబుతాను. 2018 నుంచి నీట్ అర్హత లేనిదే అక్కడ చదివొచ్చినా ఇక్కడ పరీక్షకు కూర్చోనివ్వరు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, చదివిన చోటే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో వైద్యం చేసే అర్హత కూడా రావాలి. చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కెలో నాలుగో స్థాయి దాటకపోతే పట్టా ఇవ్వరు. ‘భాష అక్కర్లేదు’ అనే ఏజెంటు గడప తొక్కితే మంచినీళ్లిచ్చి పంపించేయండి. పిల్లలు బయట తిరుగుతున్నారని కోప్పడకండి. ఎవరితో, ఏ భాషలో తిరుగుతున్నారో అడగండి.

ఇప్పుడు నల్లమల అంచున ఓ ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. అమ్మిన చేను తిరిగి రాలేదు కానీ, అప్పు తీరింది. ఆ మధ్య ఓ చెంచు పెంట నుంచి ముసలవ్వ వచ్చింది. ‘కాళ్లు తీపులు పెడుతున్నయ్ బిడ్డా’ అంది. నా పక్కనున్న కుర్ర డాక్టరు పట్నంలో పుట్టి పెరిగినవాడు. వెంటనే నా చెవిలో అడిగాడు... ‘మేడమ్, తీపంటే షుగరుందనా?’

నవ్వాపుకోలేకపోయాను. వుహాన్ నైనైకి పులుపు, మా అవ్వకు తీపి. నొప్పి మాత్రం ఒకటే. కుర్రాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ‘ముందు అవ్వతో కాసేపు మాట్లాడు’ అన్నాను.